కత్తెర కూర్చోదు

మార్చి 3

పడుకుని 74. నిలబడి 126.

డాక్టరమ్మ ఈ రెండంకెలూ రోజూ రాయమంది. కళ్లు తెరవగానే మంచం మీద ఒకటి, లేచి నిలబడ్డ పది నిమిషాలకి ఒకటి. నాడి పట్టుకుని లెక్కపెట్టి రాస్తే చాలట, అంతకు మించి ఏమీ రాయక్కర్లేదట. నోరే ఊరుకోని దాన్ని, చెయ్యి ఊరుకుంటుందా? పాత ఆర్డర్ల పుస్తకంలో వెనక సగం ఖాళీగా ఉంది. ఇందులో రాస్తాను, ఎవరూ చూడరు.

ఏడు నెలల తర్వాత జబ్బుకి పేరు దొరికింది. ఇన్నాళ్లూ ఒకాయన రక్తం తక్కువన్నాడు, ఇంకొకాయన దిగులన్నాడు, మూడో ఆయన "ఇంట్లో ఏమైనా గొడవలా?" అని అత్తయ్య ముందే అడిగాడు. ఆ రోజు ఆవిడ మొహం చూడాలి! ఈ డాక్టరమ్మ మాత్రం నన్ను పడుకోబెట్టి, తర్వాత నిలబెట్టి, పక్కన కుర్చీ వేసుకుని గడియారం చూస్తూ కూర్చుంది. పదో నిమిషంలో నేను గోడ పట్టుకున్నాను. "దీన్ని పాట్స్ అంటారమ్మా. నువ్వు లేవగానే రక్తం కాళ్లలోకి దిగి అక్కడే ఉండిపోతోంది. దాన్ని పైకి లాగలేక గుండె పరుగులు పెడుతోంది" అంది. ప్రాణం మీదికి రాదట. పూర్తిగా పోతుందా అంటే మాత్రం కాగితాలు సర్దుకుంది.

ఉప్పు, నీళ్లు, ఒక మాత్ర, పాదాల నుంచి నడుము దాకా బిగుతు మేజోళ్లు. ఇదీ వైద్యం.

"ఏం పని చేస్తావు?" అని అడిగింది. యూనిఫారాలు కుట్టే షాపులో కటింగ్ మాస్టర్నని చెప్పాను. "కూర్చుని చేసుకోవచ్చుగా?" అంది.

నవ్వొచ్చింది. మా దగ్గర ఒక మాటుంది, కత్తెర కూర్చోదు అని. బల్ల పన్నెండు గజాలు. దాని మీద అరవై పొరల గుడ్డ పరిచి, పైన సుద్దతో గీసి, కరెంటు కత్తిని ఆ చివర నుంచి ఈ చివరకి నడిపించాలి. కూర్చుంటే చెయ్యి అందదు. అదొక్కటే కాదు. మా షాపులో కూర్చునేవాళ్లు మిషన్ వాళ్లు, నిలబడేది మాస్టర్. నేను తొమ్మిదేళ్లు కూర్చున్నాను. ఆరేళ్ల కిందట లేచి నిలబడ్డాను. ఆ బల్ల దగ్గర నిలబడ్డ మొదటి ఆడదాన్ని నేనే. ఇరవై రెండు మిషన్ల మీద ఉన్నవాళ్లంతా "మాస్టరమ్మా" అంటారు. ఇప్పుడు మళ్లీ కూర్చోమంటే కూర్చుంటానా?

మార్చి 6

మేజోళ్లు వచ్చాయి. డబ్బా విప్పితే మూడేళ్ల పిల్ల పైజామా అంత ఉన్నాయి. టేపు పెట్టి చూశాను. చీలమండ దగ్గర నా కాలి కొలతకి సగం. వేరేవాళ్లవి పంపాడనుకుని కొట్టుకి ఫోన్ చేస్తే, "అంతే ఉండాలమ్మా, ఆ బిగుతే మందు" అన్నాడు.

పొద్దున మంచం దిగకముందే తొడుక్కోవాలి. దిగితే రక్తమూ దిగుతుంది, ఇంక ఎంత బిగించినా దండగ. సరే అని పడుకునే మొదలుపెట్టాను. మోకాలు మడిచి పాదం అందుకోబోతే కళ్లు బైర్లు కమ్మాయి. రెండోసారి బొటనవేలు దూరింది, మడమ దూరలేదు. మూడోసారి ఏడుపొచ్చింది.

అత్తయ్య గుమ్మంలో నిలబడి అంతా చూసింది. లోపలికెళ్లి గిన్నెలు తోమే రబ్బరు తొడుగులు వేసుకొచ్చింది.

"కాలు ఇటివ్వు."

"వద్దత్తయ్యా. పెద్దవాళ్లు మీరు నా కాళ్లు పట్టుకోవడమేంటి?"

"పట్టుకోకపోతే అవెక్కడ నిలబడుతున్నాయి? ఇవ్వు."

చిన్న గలీబులో పెద్ద దిండు కుక్కినట్టు కుక్కింది నన్ను. ముప్పై ఐదు నిమిషాలు. ఇద్దరికీ చెమటలు. మధ్యలో "కాళ్లా ఇవి, దూలాలా?" అని ఒకసారి, "మీ అమ్మ ఏం పెట్టి పెంచిందే" అని ఒకసారి. నడుము పైకి లాగి వదిలాక మంచం మీద కూలబడి ఇద్దరం నవ్వాం. పెళ్లయిన పదిహేనేళ్లలో మేమిద్దరం కలిసి నవ్వింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

వీటికి కొండచిలువలు అని పేరు పెట్టాను.

నిలబడి 98. తొంభై ఎనిమిది!

మార్చి 7

72. 96.

నాలుగు గంటలు నిలబడ్డాను. ప్యాంట్ల పొర, అంటే పరిచిన అరవై గుడ్డలూ, మొత్తం నేనే కోశాను. నిన్నటిదాకా ప్రతి పది నిమిషాలకీ దారం కోసమో సుద్ద కోసమో అన్నట్టు వంగి బల్ల కింద కూర్చునేదాన్ని. ఇవాళ ఆ నాటకం అవసరం పడలేదు. ఓనరు రెండుసార్లు అటు వచ్చి చూసి వెళ్లాడు. కిందటి నెలలో నేను గోడకి జారబడటం చూశాడు కదా, అప్పట్నుంచీ చూస్తున్నాడు. చూసుకోనీ!

లోపల కాళ్లు మండిపోతున్నాయి. నడుం దగ్గర పట్టీ కోసుకుపోయి ఎర్రటి గీత పడింది. పడనీ.

మార్చి 12

73. 99.

అత్తయ్య ఈ మధ్య చేతిలోంచి గ్లాసులు జారవిడుస్తోంది. ఇవాళ రెండోది. విరిగిన గాజు పెంకుల్ని నిలబెట్టి తిట్టింది. వయసు.

మార్చి 14

మా ఆయన ఫోన్ చేశారు. లారీ ఇంకో మూడు వారాలు ఇటు రాదట. అంకెలు చెప్పాను. "బాగుంది బాగుంది" అన్నారు. తర్వాత, "అంత కష్టపడటం దేనికి, మానెయ్యరాదూ" అన్నారు. వెన్నులో నొప్పి ఉంది కదా, మీరు బండి మానెయ్యరాదూ అన్నాను. అదీ ఇదీ ఒకటేనా అన్నారు. కాదేమో మరి! ఫోన్ పెట్టేశాను.

మార్చి 19

72. 101.

తొడుగుతున్నంతసేపూ అత్తయ్య మూలుగుతోంది. మొదట్లో తిట్లుండేవి, ఇప్పుడు తిట్లు లేవు, ఉత్త మూలుగే. పిక్క దగ్గరికి రాగానే ఆగుతుంది, మొహం అటు తిప్పుకుంటుంది, మళ్లీ లాగుతుంది. నాకు వినపడాలనే అనుకుంటాను.

సాయంత్రం పెరట్లో బట్టలు తీస్తుంటే గోడవతల పక్కింటావిడతో చెబుతోంది. "పొద్దున లేస్తే కోడలి కాళ్లు పట్టుకోవడమే నా ఉద్యోగం. ముందు ఆ కాళ్లు, తర్వాతే దేవుడు." ఆవిడ నవ్వింది. ఈవిడా నవ్వింది.

తడి ఆరని బట్టలు అలాగే తీసుకుని లోపలికొచ్చేశాను. నేనడిగానా? తనే కదా తొడుగులేసుకుని వచ్చింది! ఒళ్లు భగ్గుమంది. ఒకళ్ల చేత మాట పడటం నా వల్ల కాదు, ఎప్పుడూ కాలేదు.

మార్చి 20

నేను టైలర్ని. ఈ మాట మర్చిపోయి రెండు వారాలు ఆవిడకి కాళ్లు చాపాను. ఎంత తెలివితక్కువ!

ఇవాళ సెలవు. అత్తయ్య పక్కింటావిడతో బజారుకెళ్లింది. తలుపేసుకుని కూర్చున్నాను. మేజోళ్లని రెండు కాళ్లకీ లోపలి వైపు చీలమండ నుంచి తొడ దాకా కోసి, అంచులకి సాగే పట్టీ వేసి, జిప్పు కుట్టాను. మూసి చూస్తే పిక్క దగ్గర పళ్లు కలవట్లేదు. అక్కడ ఒక వేలెడు సాగే గుడ్డ అతికాను. వేలెడే. ఒంటికి బట్టకి మధ్య ఆమాత్రం లూజు ఉండాలని నేర్చుకునే కదా ఇంతదాన్నయ్యాను.

పడుకుని, ఒక్క చేత్తో, నాలుగు నిమిషాల్లో తొడుక్కున్నాను. ఎవరి సాయమూ లేదు.

మార్చి 21

73. 108. కొత్తది కదా, సర్దుకోవాలి.

అత్తయ్య రబ్బరు తొడుగులతో వచ్చేసరికి మంచం దిగి నిలబడి ఉన్నాను. "నేనే వేసుకున్నా" అన్నాను. పైనుంచి కిందకి చూసింది. "ఎలా?" "అలవాటైంది." అనుమానంగా చూసి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ ఆ తొడుగులు తీసి, చేతుల్ని చీరకొంగులో చుట్టుకుంది. పని తప్పించినందుకు థాంక్స్ అనైనా అనలేదు. నేనూ అనలేదు ఇన్నాళ్లూ.

మార్చి 22

114. మెట్లెక్కి వచ్చాను.

మార్చి 24

119. ఉక్కపోత. నీళ్లు తక్కువ తాగాను.

జిప్పు మాత్రం అద్భుతం. పైకి కుట్టే కనబడదు.

మార్చి 25

కొలవలేదు. హడావుడి. రేపు పెద్ద పొర ఉంది.

మార్చి 26

పడ్డాను.

మార్చి 29

రాయాలి. డాక్టరమ్మకి కాదు, నాకు.

అరవై పొరల నీలం గుడ్డ. నేత నిలువు సరిచూసి, సుద్ద గీసి, బిగింపులు పెట్టి, ఎడం చేతికి ఇనుప జాలీ తొడుగు వేసుకుని కత్తి ఆన్ చేశాను. మొదటి మూడు గజాలు బాగానే వచ్చింది. తర్వాత కాళ్లలో ఏదో బరువు, మెడ వెనక చల్లగా, చెవుల్లో హోరు. ఇంకో గజం అనుకున్నాను. ఆ గజం అయ్యాక ఇంకో గజం అనుకున్నాను. ఆపి కూర్చుంటే ఓనరు చూస్తాడని ఆపలేదు. ఇదీ నిజం.

తర్వాత నాకు తెలిసింది నేల. కత్తి నా చేతిలోంచి వదులై తిరుగుతూనే గుడ్డలోకి అడ్డంగా వెళ్లిపోయిందట. కత్తి వెనకే నేను దాని మీదికి ఒరుగుతుంటే మూడో మిషన్ మీది అమ్మాయి, కళ్లద్దాలు అంటాం ఆ పిల్లని, పరిగెత్తుకొచ్చి గోడకున్న ప్లగ్గు పీకేసింది. నా చెయ్యి కత్తి అంచుకి బెత్తెడు దూరంలో ఉందని తర్వాత చెప్పింది. చెబుతూ ఏడ్చింది. నాకెందుకో ఆ ఏడుపు మీద కోపం వచ్చింది.

అరవై ప్యాంట్లు అడ్డంగా తెగిపోయాయి. ఓనరు గుడ్డ వైపు చూడనైనా లేదు. తిట్టినా బాగుండేది. చెమట తుడుచుకుంటూ గోడ దగ్గర నిలబడి, ఆగిపోయిన కత్తినే చూస్తున్నాడు.

డాక్టరమ్మ జిప్పుని పైకీ కిందకీ రెండుసార్లు లాగి చూసింది. "ఇంత చక్కగా ఎవరు కుట్టారమ్మా?" అంది. నేనే అన్నాను. "వేలెడు లూజు ఇచ్చావు. వైద్యమంతా ఆ వేలెడులోనే ఉంది తల్లీ. కోసిన చోట ఇంక పట్టే లేదు, పైన తొడ దగ్గర మాత్రం గట్టిగా ఉంది. కింద రక్తాన్ని వదిలేసి పైన తలుపేశావు" అంది. తలొంచుకున్నాను. ఏ బట్ట చేతికొచ్చినా ముందు లూజు చూసే అలవాటు. అలవాటు అంటున్నాను, పొగరని అత్తయ్య అంటోంది. ఆవిడే కరెక్టు.

ఏప్రిల్ 2

ఓనరు ఇంటికి వచ్చాడు. అత్తయ్య కుర్చీ వేసింది. "ముప్పయ్యో తారీఖు దాకా రెస్టు తీసుకోండి మాస్టరమ్మా. ఆ రోజు వచ్చి ఒక పూర్తి పొర కొయ్యండి, నేను పక్కనే ఉంటాను. కోస్తే బల్ల మళ్లీ మీదే. లేదంటే..." అని ఆగాడు. "లేదంటే అన్న మాట లేదు" అన్నాను. అప్పటిదాకా బల్ల దగ్గర కళ్లద్దాలు ఉంటుందట. ఆ పిల్లకి సుద్ద పట్టుకోవడం నేర్పింది నేనే. గీత గీయమంటే పదిసార్లు చెరిపేది.

నాలుగు వారాలు. చాలు.

ఏప్రిల్ 9

కొత్త జత వచ్చింది. ఆయన ఎక్కడో దారిలో ఉండి తెప్పించి పంపారు. ఫోన్‌లో ఒక్కటే అన్నారు, "ఈసారి కత్తెర పెట్టకే బాబూ." సరే అన్నాను.

అత్తయ్య మళ్లీ తొడుగులేసుకుని వచ్చింది. యాభై నిమిషాలు పట్టింది. "కొత్తవి కదా, బిగుతెక్కువ" అంది. అవే కొలతలు, అదే కంపెనీ. 

73. 97.

ఏప్రిల్ 13

97. గోడ గడియారం కింద నిలబడటం సాధన చేస్తున్నాను. నలభై నిమిషాలు.

ఏప్రిల్ 16

95. గంటా పది.

ఇవాళ తొడగడానికి గంట పట్టింది. మధ్యలో మూడుసార్లు లేచి వెళ్లింది. ఒకసారి పాలు పొంగుతాయని, ఒకసారి ఎవరో పిలిచారని, ఒకసారి ఏమీ చెప్పలేదు. స్నానాల గదిలో వేణ్నీళ్ల చప్పుడు. ఆవిడకి విసుగొచ్చినట్టుంది. ఇంకో రెండు వారాలు ఓపిక పట్టండి అత్తయ్యా, ముప్పై దాటితే మీకే గర్వంగా ఉంటుంది అన్నాను. "ఊఁ" అంది.

ఏప్రిల్ 19

94! గంటన్నర నిలబడి వంటింట్లో అన్నీ నేనే చేశాను. గెలిచేస్తాను.

ఏప్రిల్ 22

షాపు నుంచి కబురు. ముప్పయ్యో తారీఖు రానక్కర్లేదట. బల్ల కళ్లద్దాలుకి ఇచ్చేశారు. ఎప్పుడైనా సరే వచ్చి మిషన్ మీద కూర్చోవచ్చట.

ఏప్రిల్ 23

పొద్దున్నే వెళ్లాను. మెట్లు ఆగి ఆగి ఎక్కాను. ఓనరు గదిలో నిలబడే మాట్లాడాను, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"గడువు ఇచ్చారుగా. ఇంకా వారం ఉంది."

"ఉందమ్మా."

అమ్మా అన్నాడు. మాస్టరమ్మా అనలేదు.

"మరి?"

"గడువు సంగతి కాదు. ఆ రోజు మీరు పడిపోతున్నా కత్తి తిరుగుతూనే ఉంది. ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోవట్లేదు. అయినా ఇచ్చిన మాట మీదే ఉందామనుకున్నాను. మీ అత్తగారే వచ్చి చెప్పాక..."

"ఎవరొచ్చి చెప్పాక?"

ఆయన నోరు జారానని తెలుసుకుని ఫోన్ చూసుకున్నాడు.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. అత్తయ్య వంటింట్లో పీట మీద కూర్చుని ఉప్పు డబ్బా ఒళ్లో పెట్టుకుని ఉంది.

"మీరు షాపుకెళ్లారా?"

"వెళ్లాను. పోయిన మంగళవారం, నువ్వు నిద్రపోతుంటే."

"నా బల్ల తీసెయ్యమన్నారా?"

"తీసెయ్యమన్లేదు. కూర్చునే పనుంటే ఇమ్మన్నాను."

"రెండూ ఒకటే! ఎవరడిగారు మిమ్మల్ని? తొమ్మిదేళ్లు చాకిరీ చేసి తెచ్చుకున్నాను దాన్ని. నోటికాడ కూడు లాగేశారు కదా! ఇంకో వారం ఓపిక పట్టలేకపోయారా? అంత బరువయ్యానా మీకు? అంత చిన్నతనమైపోయిందా నా కాళ్లు పట్టుకోవడం?"

ఇంకా చాలా అన్నాను. రాయను. గోడవతల వాళ్లందరూ విని ఉంటారు.

  నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆవిడ డబ్బా నా వైపు తోసింది.

"ముందు ఈ మూత తియ్యి. నీళ్లలో కలపాలి నీకు. పొద్దున్నుంచి చూస్తున్నా, రావట్లేదు."

తిప్పాను. ఊరికే వచ్చేసింది. గట్టిగా కూడా లేదు.

అప్పుడు చూశాను చేతులు. కణుపులన్నీ ఉబ్బి ఉన్నాయి. కుడి చేతి మధ్యవేలు పక్కకి తిరిగింది. "మూసి చూపించండి" అన్నాను. ప్రయత్నించింది. సగం దాకా వచ్చి ఆగాయి వేళ్లు, పెదవి కొరుక్కుంది.

"ఎప్పట్నుంచి?"

"నీ కొండచిలువలు రాకముందు నుంచే కాస్త ఉంది. అవొచ్చాక ఎక్కువైంది. వేణ్నీళ్లలో పెడితే కాసేపు బాగుంటుంది."

"నాతో చెప్పొచ్చుగా అత్తయ్యా!"

"చెప్తే ఏం చేస్తావు? మళ్లీ జిప్పు కుడతావు. ఈసారి కత్తి చెయ్యి మీద నుంచి పోతుంది. నీ సంగతి నాకు తెలీదా?"

కుట్టనని చెప్పబోయాను. నోరు తెరిచాను కూడా. అబద్ధం రాలేదు.

"ముప్పై దాకా లాగుదామనే అనుకున్నానే. ముప్పై తర్వాత? ఆ మర్నాడు కూడా నిలబడాలిగా నువ్వు. ఆపై ఏడాది కూడా నిలబడాలి. నా వల్ల కావట్లేదు" అంది. ఏడవలేదు. ఏడ్చింది నేనే. నేలమీద కూర్చుని, ఆవిడ మోకాలికి తల ఆనించి ఏడ్చాను. ఆవిడ నా తల మీద చెయ్యి వేసింది కానీ నిమరలేకపోయింది.

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియట్లేదు. కోపం ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 25

ఆవిడని గదిలోకి రానివ్వలేదు. ఒక్కదాన్నే ప్రయత్నించాను. పాదానికి ప్లాస్టిక్ సంచి చుట్టి జారిస్తే తేలిగ్గా ఎక్కుతుందని ఎవరో చెప్పారు. మోకాలిదాకా వచ్చింది. అక్కడి నుంచి లేచి కూర్చోకుండా లాగలేను, లేచి కూర్చుంటే తల తిరుగుతుంది. మంచం మీద నుంచి సగం కిందకి జారాను. గంటన్నర.

ఏప్రిల్ 26

పక్కింటావిడని అడిగాను. సిగ్గు విడిచి అడిగాను. రెండు రోజులు వస్తానంది. రోజూ ఆరింటికంటే తనకీ పిల్లల హడావుడి ఉంటుంది కదా అంది. ఉంటుంది.

ఆయనకి ఫోన్ చేశాను. బండి మానేసి వచ్చెయ్యమంటావా అన్నారు. నిజంగానే అడిగారు. వద్దన్నాను. వస్తే తినేదెలా?

ఏప్రిల్ 28

అత్తయ్యని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. చేతులతో బలంగా ఏదీ లాగకూడదట, పిండకూడదట. "ఇన్నాళ్లూ ఏం లాగావమ్మా?" అని అడిగాడాయన. "బట్టలు" అంది అత్తయ్య. నా వైపు చూడలేదు.

ఏప్రిల్ 30

ముప్పయ్యో తారీఖు. పడుకునే ఉన్నాను. కాళ్లు గోడకి ఆనించి పైకి పెట్టుకున్నాను. తొమ్మిదింటికి పొర పరుస్తారు. పదింటికి గీస్తారు. పదకొండింటికి కత్తి ఆన్ చేస్తారు. పదకొండూ పది దాకా గడియారం చూసి అటు తిరిగి పడుకున్నాను.

74. నిలబడి కొలవలేదు.

మే 4

ఇవాళ షాపుకి వెళ్లాను. మోకాలి దాకా ఉండే పొట్టి జత ఒకటి ఇచ్చింది డాక్టరమ్మ. అది పడుకుని ఒక్కదాన్నే తొడుక్కోగలను. నిలబడటానికి చాలదు, కూర్చోవడానికి చాలుతుంది.

ఏడో మిషన్, గోడవైపు. కూర్చోగానే అందరి చేతులూ ఆగాయి. నన్నేమని పిలవాలో ఎవరికీ తెలియలేదు. చివరికి ఎవరో "అక్కా, దారం కావాలా?" అన్నారు. ఊఁ అన్నాను. కాలికింద పెడల్ ఆరేళ్ల తర్వాత కూడా గుర్తుపట్టింది నన్ను. గుండె నెమ్మదిగానే ఉంది. అదొక్కటే మంచి వార్త, అది కూడా కోపం తెప్పించింది.

పదిన్నరకి మొదటి కట్ట వచ్చింది. ప్యాంట్లు, ముప్పై రెండు నంబరు, ఇరవై జతలు. కళ్లద్దాలే మోసుకొచ్చి నా మిషన్ పక్కన పెట్టింది. వెళ్లకుండా అక్కడే నిలబడింది. మెడలో టేపు, వేళ్లకి సుద్ద.

"మీకు మొదటి కట్ట నేనే ఇవ్వాలనుకున్నానక్కా. ఒక్కసారి చూస్తారా?"

ముడి విప్పాను. ఒక్కో ముక్కా తీసి ఒళ్లో పరిచాను. నిలువు చూశాను. జేబు దగ్గర గాట్లు చూశాను. కింది పొరకీ పై పొరకీ తేడా ఉంటుంది, కొత్తవాళ్ల కత్తి కింద వంగిపోతుంది, అక్కడ దొరుకుతుందనుకున్నాను. మొదటి ముక్కనీ ఇరవయ్యో ముక్కనీ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురులోకి ఎత్తాను. నడుము దగ్గర చూశాను, అడుగంచు చూశాను. పక్క మిషన్ వాళ్లు తలలు తిప్పి చూస్తున్నారు. ఆ పిల్ల కళ్లద్దాలు పైకి తోసుకుంటూ నిలబడే ఉంది.

"పర్లేదు" అన్నాను. "చెయ్యి తిరగడానికి ఇంకా టైం పడుతుందిలే."

"అలాగేనక్కా" అని వెళ్లిపోయింది. బల్ల దగ్గరికి.

ఒక్క తప్పు కూడా లేదు. ఇరవై జతలూ వెతికాను.